గోళీలు, పుల్లలు, పొక్కలు: ఐదేళ్లు వాడిన అణు నమూనాల పెట్టె

పెట్టెలో సుమారు 240 ముక్కలుంటాయి. గోళీలు పరమాణువులు, పుల్లలు బంధాలు. హన్మకొండలో ఇంటర్ మొదటి సంవత్సరం రసాయన బంధం పాఠానికి ఐదేళ్లు వాడినంక రాస్తున్న మాటలివి. ఆకారం చూపించడంలో దీన్ని మించింది లేదు. కానీ ఆ ఆకారం ఎందుకు వచ్చింది, చర్యలో శక్తి ఎటు పోయింది అని అడిగితే మాత్రం ఈ పెట్టె అబద్ధం చెబుతుంది.

రంగుల దగ్గర పేచీ లేదు. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ. సింగరేణి బొగ్గు చూసిన పిల్లలకు నల్ల గోళీ ఏంటో చెప్పే పనే లేదు. ఈ రంగుల వాడుక 1865లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ ఇచ్చిన ఉపన్యాసం నాటిది. ఆయన చూపిన మీథేన్ మాత్రం బల్లపరుపుగా ఉండేది. కార్బన్ నాలుగు చేతులు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల వైపు పోతాయని వాంట్ హాఫ్, లె బెల్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది 1874లో.

అసలు చిక్కు పొక్కల్లో ఉంది. నల్ల గోళీకి నాలుగు పొక్కలు 109.5 డిగ్రీల్లో ముందే వేసి ఉంటాయి. నాలుగు తెల్ల గోళీలు గుచ్చగానే మీథేన్ తయారవుతుంది, పిల్లలు సంబరపడతారు. కానీ ఆ కోణాన్ని నిర్ణయించింది ఎలక్ట్రాన్ జంటల వికర్షణ కాదు, ఫ్యాక్టరీలో వేసిన పొక్క. అందుకే ఆ వికర్షణ చూపడానికి పెట్టె తెరిచేముందు బుడగలు కావాలి, ఒక్కో బుడగ ఒక్కో ఎలక్ట్రాన్ జంట అనుకోవాలి. ఒకే సైజులో నాలుగు ఊది, రెండేసి మూతులు కలిపి ముడేసి, ఆ రెండు జతలను ముడుల దగ్గర ఒకదానికొకటి మెలేస్తే నాలుగూ వాటంతట అవే చతుర్ముఖిగా సర్దుకుంటాయి. బల్లమీద చదునుగా అదిమి వదిలితే మళ్లీ లేచి నిలబడతాయి. మూడు జతలు మెలేస్తే అష్టముఖి. సైజుల్లో తేడా ఉంటే ఆకారం వంకర పోతుంది, కాబట్టి ఊదేటప్పుడే కొలత చూసుకోవాలి. నాలుగింటిలో ఒకటి పగిలితే మిగిలిన మూడూ చదునుగా పరుచుకుంటాయి. దాన్ని అమ్మోనియా అని చూపించొద్దు, అది బోరాన్ ట్రైఫ్లోరైడ్. అమ్మోనియాలో ఒంటరి జంట, అంటే బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంట, ఎక్కడికీ పోలేదు, చోటు పట్టుకుని అక్కడే కూర్చుంది.

ఒంటరి జంటకు ఈ పెట్టెలో ముక్కే లేదు. ఎర్ర గోళీకి రెండే పొక్కలు. దాంతో నీరు చేస్తే వంగిన అణువు కనిపిస్తుంది గానీ ఎందుకు వంగిందో కనిపించదు. మేలైన పద్ధతి ఇది: నాలుగు పొక్కల నల్ల గోళీకి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి, రెండు పొక్కల్లో హైడ్రోజన్లు, మిగతా రెండింట్లో సగానికి కోసిన ఇయర్ బడ్స్ గుచ్చాలి. దూది తలలు ఒంటరి జంటలుగా బాగా కుదురుతాయి. మీథేన్‌లో 109.5, అమ్మోనియాలో 107, నీటిలో 104.5 డిగ్రీలన్న తేడా ఈ గోళీల్లో కంటికి ఆనదు, నోటితో చెప్పాల్సిందే. హైడ్రోజన్ సల్ఫైడ్ మాత్రం ఈ పద్ధతిలో అస్సలు చేయొద్దు. దాని అసలు కోణం 92 డిగ్రీలు, గోళీ చూపేది 109.

పెట్టె ఖరీదు రాబట్టేది ఐదు పొక్కల గోళీ. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ ఎందుకు తూగుడుబల్ల (సీ-సా) ఆకారంలో ఉంటుందో పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. గోళీ చేతికిచ్చి దూది పుల్లను ముందు పైపొక్కలో, తర్వాత నడుము పొక్కలో గుచ్చమంటే చాలు. పైన గుచ్చితే 90 డిగ్రీల దూరంలో మూడు బంధాలు తగులుతాయి, నడుములో గుచ్చితే రెండే. తక్కువ వికర్షణ ఎక్కడో వాళ్లే లెక్కపెట్టి చెబుతారు. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌లో రెండు ఒంటరి జంటలూ నడుములోకే పోయి అణువు టీ ఆకారంలోకి రావడం కూడా అదే లెక్క. ఒక లోపం: ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లో నిలువు బంధాలు 214 పికోమీటర్లు, నడుము బంధాలు 202. పెట్టెలో ఏకబంధాల పొట్టి పుల్లలన్నీ ఒకటే పొడవు.

ఇగ చర్యల సంగతి. సమీకరణం తుల్యం చేయడానికి బాగుంటుంది. మీథేన్ మండే చర్యకు ఒక నలుపు, నాలుగు తెలుపు, నాలుగు ఎరుపు గోళీలు, ఏకబంధాలకు నాలుగు పొట్టి పుల్లలు, ద్విబంధాలకు రెండేసి చొప్పున నాలుగు వంగే పొడవు పుల్లలు తీసుకోవాలి. ఒక మీథేన్, రెండు ఆక్సిజన్లు కట్టి, విప్పి, అవే ముక్కలతో ఒక కార్బన్ డైఆక్సైడ్, రెండు నీళ్లు కడితే గోళీ మిగలదు, పుల్లా మిగలదు. అమ్మోనియా తయారీలో అలా కుదరదు: నైట్రోజన్ త్రిబంధంలోని మూడు వంగే పుల్లలు మిగిలి, పొట్టి పుల్లలు మూడు తక్కువ పడతాయి. మూడు అదనంగా పక్కన పెట్టుకోకపోతే అక్కడ క్లాసు ఆగిపోతుంది.

శక్తి దగ్గరే మోసం. పుల్ల పొక్కలో దిగాలంటే గట్టిగా నొక్కాలి, గుంజితే టక్కున ఊడొస్తుంది. దాంతో బంధం కట్టడానికి శక్తి కావాలి, తెగితే శక్తి బయటికొస్తుంది అన్న తలకిందుల లెక్క పిల్లల మనసులో కూర్చుంటుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులో బంధం తెగితే శక్తి వస్తుందని జీవశాస్త్రం క్లాసులో విన్నవాళ్లకు అది ఇంకా గట్టిపడుతుంది. నిజం లెక్కేస్తే: మీథేన్ చర్యలో నాలుగు కార్బన్-హైడ్రోజన్ బంధాలకు 414 చొప్పున, రెండు ఆక్సిజన్ ద్విబంధాలకు 498 చొప్పున తెంచడానికి 2652 కిలోజౌళ్లు పెట్టాలి. రెండు కార్బన్-ఆక్సిజన్ ద్విబంధాలకు 799 చొప్పున, నాలుగు ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలకు 463 చొప్పున కట్టేటప్పుడు 3450 బయటికొస్తుంది. మోలుకు మిగిలిన ఆ 798 కిలోజౌళ్లే మంట. పాత స్పీకర్ల నుంచి తీసిన రెండు అయస్కాంతాలు చేతికిస్తే ఈ మాట తొందరగా ఎక్కుతుంది: దగ్గరికి అవే వస్తాయి, విడదీయడానికే బలం కావాలి.

ఉప్పులాంటి అయానిక సమ్మేళనాలకు ఈ పెట్టె ముట్టుకోవద్దు. బూడిద గోళీ, ఆకుపచ్చ గోళీ మధ్య పుల్ల గుచ్చి 'సోడియం క్లోరైడ్ అణువు' అని చూపిస్తే, ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లుంటాయన్న సంగతి మొదట్లోనే చెడిపోతుంది. పుల్లలతో జాలకం కడదామన్నా 27 గోళీల చిన్న ఘనానికి 54 పుల్లలు, అన్నీ ఆరు పొక్కల గోళీలు కావాలి. పెట్టెలో అన్ని రావు.

కర్బన రసాయనంలో మాత్రం పైసా వసూలు. ఈథేన్‌ను మధ్య పుల్ల పట్టుకుని తిప్పితే తిరుగుతుంది, ఈథీన్ మొరాయిస్తుంది. సిస్ (కొసలు ద్విబంధానికి ఒకే వైపు), ట్రాన్స్ (ఎదురెదురు వైపు) బ్యూటీన్ల తేడా వేళ్లకే తెలిసిపోతుంది. ఆరు నల్ల గోళీల వలయం కడితే సైక్లోహెక్సేన్ చదునుగా పడుకోదు, కుర్చీ రూపంలోకి తేలిగ్గా పోతుంది.

మన్నిక సంగతి. ముందు పోయేవి వంగే పుల్లలు. ద్విబంధంలో వంచి అలాగే వదిలేస్తే వంపు శాశ్వతమై, మధ్యలో తెల్లగీత పడి, తర్వాత చీలుతాయి. మే నెలలో మన ఎండకు రేకుల గదిలో పెడితే ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. క్లాసు అవగానే విప్పి పెట్టాలి. పుల్ల తీసేటప్పుడు వంచకుండా మెలితిప్పుతూ గుంజాలి. పొక్క వదులైతే పుల్ల కొనకు నల్లా బిగించే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక్క చుట్టు చాలు, రెండు చుడితే దిగదు. మురికి పడితే సబ్బునీళ్లు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం తగిలితే గోళీ జిగటై పాడవుతుంది, అందులో అసిటోన్ ఉంటుంది.

నలుగురికి ఒక పెట్టె సరిపోతుంది. అరవై మంది క్లాసులో ముందు నిలబడి ఒక్కటే ఎత్తి చూపిస్తే వెనక బెంచీలకు నల్లచుక్క తప్ప ఏమీ కనపడదు. కొనేముందు మూత తీయించి ఐదు పొక్కల, ఆరు పొక్కల గోళీలు కనీసం రెండేసి ఉన్నాయో లేదో చూసుకోండి. చవక పెట్టెల్లో అవే ఎగ్గొడతారు, తెల్ల గోళీలతో లెక్క నింపుతారు.