కొత్త కోరల్‌కు ముందు కొనవలసిన పరికరం: హన్నా ఆల్కలినిటీ చెకర్

చిన్న ఉప్పునీటి అక్వేరియంలోకి మొదటిసారి కోరల్‌ను, అంటే బతికి ఉన్న పగడాన్ని, తెచ్చుకునేవారిలో చాలామంది ముందుగా దీపం మీద, ఆ తర్వాత రంగురంగుల సీసాల్లో దొరికే పోషక ద్రవాల మీద డబ్బు పెడతారు. దీపం అవసరాన్ని నేను కాదనను గానీ, కోరల్ ఇంటికి చేరేలోపే చేతిలో ఉండవలసిన వస్తువు వేరే ఉందని నా గట్టి అభిప్రాయం. నీటి ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే కార్బొనేట్ల నిల్వను, అంకెల్లో చూపించే హన్నా చెకర్, అందులోనూ హెచ్‌ఐ772 అనే నమూనా, ఆ వస్తువు. టెక్సస్‌లోని మా ఇంట్లో నలభై లీటర్ల ట్యాంకులో కొమ్మల రకం హామర్ కోరల్‌ను పెంచుతూ, దాదాపు మొదటి నుంచీ దీన్ని వాడుతున్నాను. ఖరీదు ఒక మంచి హామర్ ముక్క ధరకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ ముక్క బతికి పెరగాలంటే ఈ ఖర్చు దండగ కాదు.

హామర్ రాతి పగడాల్లో ఒకటి. పైన మెత్తగా ఊగే చేతుల కింద దానికి గట్టి సున్నపు అస్థిపంజరం ఉంటుంది. దాన్ని కట్టుకోవడానికి అది నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను నిరంతరం తీసుకుంటూనే ఉంటుంది. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల దాకా నిల్వ ఉంటుంది కనుక అది త్వరగా తరిగిపోదు. ఆల్కలినిటీ నిల్వ అలాంటిది కాదు, అది 2.8 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) పడిపోయేసరికి కాల్షియం తగ్గేది లీటరుకు 20 మిల్లీగ్రాములు మాత్రమే. అందువల్ల ట్యాంకులో ఏదైనా తేడా వస్తే మొట్టమొదట బయటపడేది ఆల్కలినిటీలోనే. సహజ సముద్రపు నీటిలో అది సుమారు 7 డీకేహెచ్ ఉంటుంది. ఇంటి ట్యాంకుల్లో 8కీ 9కీ మధ్య ఉంచడం రివాజు. అది 8 దగ్గర ఉందా, 9 దగ్గర ఉందా అన్నది పెద్ద విషయం కాదు. ఉన్నచోట నిలకడగా ఉండటం, ఒక రోజులో ఒక డీకేహెచ్‌కు మించి కదలకుండా ఉండటం ముఖ్యం.

ఈ పరికరం విలువ నాకు బాగా తెలిసింది కోరల్ సంచిలోని నీటిని పరీక్షించడం మొదలుపెట్టాక. దుకాణం నుంచి ముక్కను తెచ్చినప్పుడు చాలామంది ఉష్ణోగ్రత సమానం కావడానికి సంచిని ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలవేసి, అంతటితో సరిపెట్టుకుంటారు. ఆ సంచి నీటిలోంచి పది మిల్లీలీటర్లు తీసి చెకర్‌తో చూస్తే ఆ కోరల్ ఇంతకాలం ఎలాంటి నీటిలో బతికిందో తెలుస్తుంది. దుకాణంలో 11 దగ్గర ఉన్న ముక్క మన ఇంట్లో 7.5 లోకి వస్తే దానికి ఆ మార్పు చిన్నది కాదు. అంత తేడా కనిపించినప్పుడు నేను ట్యాంకు నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా గంటసేపు సంచి నీటిలో కలిపి, ఆ తర్వాతే ముక్కను లోపల పెడతాను. సంచి నీటిని మాత్రం ఒక్క చుక్క కూడా ట్యాంకులో పోయకూడదు. దుకాణం ట్యాంకుల్లోని పురుగులు, నాచు దానితోపాటే వస్తాయి.

వాడటం కష్టం కాదు గానీ శుభ్రత కావాలి. చిన్న గాజు సీసాలో గీత దాకా పది మిల్లీలీటర్ల ట్యాంకు నీరు తీసుకుని, బయటి తడిని, వేలిముద్రలను మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి, పరికరంలో పెట్టి బొత్తాం నొక్కాలి. సున్నా పెట్టుకోవడం పూర్తయ్యాక సీసాను బయటకు తీసి, సిరంజితో సరిగ్గా ఒక మిల్లీలీటరు రసాయనాన్ని వేసి, బుడగలు రాకుండా నెమ్మదిగా కొన్నిసార్లు తలకిందులు చేయాలి. ఆల్కలినిటీ తక్కువైతే నీరు పసుపుపచ్చగా, ఎక్కువైతే ఆకుపచ్చ కలిసిన నీలంగా మారుతుంది. ఆ రంగును మన కంటితో పోల్చుకోనక్కరలేదు. సీసాను మళ్లీ లోపల పెట్టి బొత్తాం నొక్కగానే 8.3 అనో 8.7 అనో తెర మీద కనిపిస్తుంది. చుక్కలు లెక్కపెట్టి రంగు మారిన క్షణాన్ని పట్టుకోవలసిన కిట్లతో ఇంట్లో ఇద్దరు పరీక్షిస్తే రెండు ఫలితాలు వచ్చే అవకాశం ఉంది. రాత్రి దీపం వెలుగులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఇక్కడ ఆ బెడద లేదు.

అయితే తెర మీది అంకెను పరమ సత్యంగా తీసుకోకూడదు. తయారీదారు చెప్పిన కచ్చితత్వం 0.3 డీకేహెచ్ అటూ ఇటూ, దానికి తోడు వచ్చిన ఫలితంలో 5 శాతం. అంటే 8.5 అని చూపించినప్పుడు అసలు విలువ 7.8 నుంచి 9.2 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే ఒక్క పరీక్షను చూసి మందు పోయడం సరికాదు. రోజూ ఒకే వేళకు, ఒకే సిరంజితో, ఒకే పద్ధతిలో కొలిచి, అంకె ఎటు నడుస్తున్నదో రాసుకుంటే ఆ వరుస మనకు నిజం చెబుతుంది. కొత్త కోరల్ వచ్చిన తొలి వారాల్లో రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు కొలవడం నా అలవాటు. ఒక రసాయనం సీసా 25 పరీక్షలకే వస్తుంది కనుక మొదటి నెలలోనే రెండో సీసా కొనవలసి రావచ్చు. నిజమైన ఖర్చు పరికరానిది కాదు, ఈ సీసాలది.

అంకె తగ్గుతున్నదని తేలితే దిద్దడం సులభమే, కానీ చిన్న ట్యాంకులో చెయ్యి జారడం ఇంకా సులభం. నలభై లీటర్ల నీటిలో ఒక డీకేహెచ్ పెరగడానికి వంట సోడా సుమారు 1.2 గ్రాములు చాలు. చెంచాడు వేస్తే నాలుగు డీకేహెచ్‌ల దాకా పెరిగి, అప్పటివరకు బాగున్న కోరల్ చేతులు ముడుచుకుంటుంది. కాబట్టి గ్రాములో పదో వంతు చూపించే తూకం కూడా ఉండాలి. తూచిన సోడాను ఆర్‌ఓడీఐ నీటిలో, అంటే ఖనిజాలన్నీ వడకట్టేసిన శుద్ధనీటిలో, పూర్తిగా కరిగించి, నీటి ప్రవాహం బలంగా ఉన్నచోట కొంచెం కొంచెంగా పోయాలి.

చెకర్ చెప్పలేనివి చాలా ఉన్నాయి, వాటిలో మొదటిది లవణీయత. నలభై లీటర్లలో ఒక లీటరు ఆవిరైతే ఉప్పు సాంద్రత వెయ్యి పాళ్లకు 35 నుంచి దాదాపు 36కు చేరుతుంది. ఉప్పు ఆవిరి కాదు కనుక తగ్గిన మేరకు మంచినీటినే, అంటే ఆర్‌ఓడీఐ నీటినే, రోజూ నింపాలి. దీనికి ఉప్పు శాతాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ వేరుగా ఉండవలసిందే. పురుగుల సంగతికి కళ్లే ఆధారం. ముక్కను ట్యాంకులో పెట్టేముందు కోరల్ డిప్ అనే మందు కలిపిన నీటిలో ముంచి కదిలిస్తే చదును పురుగులు రాలిపడతాయి, కానీ గుడ్లకు ఆ మందు పని చేయదు. అందుకే అస్థిపంజరం మీద, అడుగున ఉన్న దిమ్మె మీద చిన్న గుండ్రటి మచ్చల్లాంటివి ఉంటే గీకేయాలి, వీలైతే ఆ దిమ్మెనే తీసి పారేయాలి.

తర్వాత దాన్ని ట్యాంకు అడుగు భాగంలో, దీపం వెలుగు తగ్గించి, చేతులు నెమ్మదిగా ఊగేంత ప్రవాహంలో పెట్టి వదిలేయాలి. వెలుగును రెండు మూడు వారాల్లో క్రమంగా పెంచితే దాని కణజాలంలో నివసించే సూక్ష్మ నాచు సర్దుకుంటుంది. ఒక్కసారిగా పెంచితే కోరల్ దాన్ని బయటకు తోసేసి తెల్లబారిపోతుంది. తొలి రోజుల్లో అది పూర్తిగా విచ్చుకోకపోతే చోటు మారుస్తూ పోవడం వద్దు. రాత్రిపూట పొడవాటి చేతులను చాచి పక్కవాటిని కుట్టే స్వభావం దానికి ఉంది కనుక చుట్టూ పదిహేను సెంటీమీటర్లయినా ఖాళీ వదలాలి. ఒక కొమ్మ చివరనున్న తల మీద గోధుమరంగు జిగురు కమ్ముకుంటే మాత్రం ఆగకూడదు. ఆ జిగురును గొట్టంతో పీల్చి తీసి, ఆ తలను వేరు చేయాలి. అది ఒక తల నుంచి మరో తలకు చాలా వేగంగా పాకుతుంది.

ట్యాంకులో మష్రూమ్ కోరల్స్, జోయాంథిడ్‌లు మాత్రమే ఉంటే ఈ పరికరం అంత అవసరం కాదు. వాటికి రాతి అస్థిపంజరం లేదు, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. కానీ జోయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే అతి ప్రమాదకరమైన విషం ఉంటుంది కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు, అవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించకూడదు.

భారతదేశంలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులికి ఉన్న చట్టరక్షణే వాటికీ ఉంది. దుకాణంలో ఎవరైనా రహస్యంగా చూపించినా హామర్ ముక్కను అక్కడ కొనవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. మంచినీటి మొక్కల ట్యాంకు కోసమైతే ఈ నమూనా పనికిరాదు; ఇది ఉప్పునీటికి తయారుచేసినది, మంచినీటికి హన్నాలో వేరే చెకర్ ఉంది.

కొనేటప్పుడు హెచ్‌ఐ755 నమూనాతో పొరబడకుండా చూసుకోవాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా అది ఫలితాన్ని పీపీఎంలలో (పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు అన్న లెక్కలో) ఇస్తుంది, ఆ అంకెను 17.9తో భాగిస్తే గానీ డీకేహెచ్ రాదు. ఉప్పు డబ్బాల మీదా, పోషక ద్రవాల సూచనల్లోనూ ఎక్కువగా కనిపించేది డీకేహెచ్ కనుక 772 తీసుకోవడమే మేలు. రసాయనం సీసా మీది గడువు తేదీని దుకాణంలోనే చదివి, కనీసం ఆరు నెలల గడువు ఉన్నదాన్నే ఎంచుకోండి.