ఆరేళ్లు వాడిన స్కానర్, ఆరు తోపుల బ్యాటరీ

2018 దసరా ముందు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఈ ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నాను. అప్పట్లో ముప్పై వేలకి కాస్త తక్కువ పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పే మంచీ చెడూ ఈ తరహా మెషిన్లన్నిటికీ ఇంచుమించు వర్తిస్తాయి. అద్దం కింద బొమ్మని చదివే సీసీడీ సెన్సార్, మూతలో నెగటివ్‌ల కోసం వేరే లైటు, మొత్తం బరువు నాలుగు కిలోలు. కొనేముందు నేనూ రివ్యూలు చదివాను. కొన్న వారానికే రాసినవి కాబట్టి వాటిలో డబ్బా గురించి ఉంది, థర్మాకోల్ గురించి ఉంది, నాకు పనికొచ్చే మాట లేదు. నేను ఆరేళ్లలో రెండు వేల పైచిలుకు ఫోటోలు దీని అద్దం మీద పెట్టాను. ఒకసారి స్క్రూలు విప్పి లోపల కూడా తుడిచాను.

ఆ ఫోటోలు దాదాపు అన్నీ ఒకే బ్యాటరీవి. సెల్‌ఫోన్ బ్యాటరీ కాదండోయ్, తోపుల బ్యాటరీ, అంటే సైన్యంలో ఫిరంగుల దళం. ఫీల్డ్ ఆర్టిలరీ రెజిమెంటులో మూడు బ్యాటరీలుంటాయి, ఒక్కోదానికి ఆరు తోపులు. 1971 నాటికి మా నాన్న 25 పౌండర్ తోపు మీద లేయర్. తోపు దగ్గర ఆరుగురుంటే ఆయన మూడో నంబరు, బ్రీచ్‌కి, అంటే గుండు పెట్టే వెనక భాగానికి, ఎడమ పక్కన కూర్చుని గురి సరిచేసే మనిషి. పదకొండు కిలోల గుండుని పన్నెండు కిలోమీటర్ల దాకా విసిరే ఆ తోపు మొదట ఆయన కుడి చెవి తీసుకుంది, తర్వాత ఎడమది. ఇప్పుడు ఆయనకి 77. మా ఇంట్లో టీవీ సౌండు కింది వీధిలో కూరగాయల బండి దాకా వినిపిస్తుంది.

నాన్నతో పనిచేసిన తెలుగువాళ్లు తొమ్మిది మంది బెంగళూరులోనే ఉండిపోయారు. సర్వీసు అయ్యాక ఇక్కడి ప్రభుత్వ కంపెనీల్లో ఉద్యోగాలు దొరికాయి, సైనికుల కమాండ్ హాస్పిటల్ కూడా దగ్గరే, అప్పట్లో ఇళ్ల స్థలాలు చవక. రామమూర్తి నగర్‌లో ఇద్దరు, కె.ఆర్. పురంలో ముగ్గురు, మిగతావాళ్లు అల్సూరు, జాలహళ్లి వైపు. ఏటా సెప్టెంబరు 28న, అంటే ఆర్టిలరీ వాళ్ల పండగ గన్నర్స్ డే నాడు, ఎవరో ఒకరింట్లో కలుస్తారు. 1827లో బొంబాయి మౌంటెన్ బ్యాటరీ ఏర్పడిన రోజది. 2018లో అలా కలిసినప్పుడు ఒక పెదనాన్న ట్రంకుపెట్టె తెరిస్తే ఫోటోల మీద చెదలు. అదే వారం నేను స్కానర్ కోసం బయల్దేరాను.

అంతకుముందు ఇంట్లో పల్చటి స్కానర్ ఒకటి ఉండేది, యూఎస్‌బీ వైరుతోనే నడిచే రకం. ఆధార్ కార్డులకి భేషుగ్గా సరిపోయేది. యాభై ఏళ్ల ఫోటో అప్పడంలా వంకర తిరిగి ఉంటుంది. ఆ పల్చటి రకంలో అద్దానికి ఆనిన భాగమే స్పష్టంగా వస్తుంది, రెండు మిల్లీమీటర్లు లేచిన అంచు మసక. సీసీడీ రకం, అంటే ఇప్పుడు నా దగ్గరున్నది, ఆ వంకరని చాలావరకు భరిస్తుంది. ఫోటోని బలవంతంగా నొక్కితే పైపొర చిట్లుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పాత ఫోటోల కోసమే కొంటుంటే ముందు చూడాల్సింది ఇదే.

డబ్బా మీద 6400 డీపీఐ, అంటే అంగుళానికి అన్ని చుక్కలు, అని ఉంటుంది. మొదటి నెల ఆ అంకెని నమ్మి ఫోటోకి పావుగంట చొప్పున తగలేశాను. ఇప్పుడు నా లెక్క వేరు. మామూలు ప్రింటుకి 600. కాంటాక్ట్ ప్రింట్లకి, అంటే నెగటివ్ సైజులోనే కడిగిన చిన్న చదరాలకి, 1200. నెగటివ్‌కి 2400. అంతకు మించి పెంచితే ఫైలు లావెక్కుతుందే గానీ అందులో కొత్తగా కనపడేదేమీ ఉండదు. బ్యాటరీ క్లర్కు దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. ఒక రోలుకి పన్నెండు ఫోటోలు, ఒక్కోటి ఆరు సెంటీమీటర్ల చదరం. అంత పెద్ద నెగటివ్‌ని 2400తో తీస్తే పక్కకి ఐదు వేల పైన పిక్సెళ్లు వస్తాయి. ఆ డబ్బా కెమెరా లెన్సు నుంచి పిండగలిగిందంతా అందులోనే ఉంటుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఈ మెషిన్లో ఇన్‌ఫ్రారెడ్‌తో, అంటే కంటికి కనపడని వెలుతురుతో, దుమ్మూ గీతలూ తీసేసే ఏర్పాటు ఉంది. కలర్ నెగటివ్‌ల మీద చక్కగా పనిచేస్తుంది, నా పెళ్లి ఫోటోలు కొత్తవాటిలా వచ్చాయి. ఆ ధైర్యంతో బ్యాటరీ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లకీ అదే ఆన్ చేశాను. నూట నలభై నెగటివ్‌లు పూర్తయ్యాక పెద్దవి చేసి చూస్తే ముఖాల మీద వేలితో పులిమినట్టుంది. కారణం తర్వాత తెలిసింది. కలర్ ఫిల్మ్‌లో మిగిలేది రంగు, దాన్ని ఇన్‌ఫ్రారెడ్ దాటి పోతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ అంటేనే వెండి రేణువులు. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది, కాబట్టి మెషిన్‌కి బొమ్మే దుమ్ములా కనపడి దాన్నే చెరిపేస్తుంది. నూట నలభై మళ్లీ తీశాను. ఇప్పుడు దుమ్ముకి రబ్బరు బుడ్డితో గాలి కొట్టడమే, నోటితో ఊదడం లేదు.

ఆల్బమ్‌ల సంగతి. జిగురు పేజీ మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ షీటు మూసే ఆల్బమ్‌లు ఒకప్పుడు అందరూ మోజుగా కొన్నారు. ఫోటోలకి చెదలకన్నా ఎక్కువ హాని చేసినవి అవే. జిగురు పసుపుపచ్చబారి ఫోటో వెనక గట్టిపడిపోయింది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారం, అదే డెంటల్ ఫ్లాస్, ఫోటో వెనక దూర్చి రంపంలా మెల్లగా లాగితే చాలావరకు ఊడతాయి. ఊడనివాటిని పేజీతో సహా అద్దం మీద పెట్టేస్తాను. మూత పూర్తిగా పడదు, పైన నల్లగుడ్డ కప్పుతాను. ఫలితం బాగానే వస్తుంది.

స్కానర్ గురించి నాకు ఎవరూ చెప్పనిదీ, ఆరేళ్లలో నేను ఎక్కువగా వాడినదీ ఒకటే: ఫోటో వెనక వైపు. ప్రతి ఫోటోకీ రెండు స్కాన్‌లు, ముందొకటి వెనకొకటి. వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, 56 ఏపీఓ అని సైన్యం తపాలా చిరునామా ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో హిందీ ఉంటుంది (పల్టన్‌లో అలా రాయడం నేర్పేవారు), దాని కింద ఇంటికి పంపేటప్పుడు తెలుగులో రాసిన ముక్క ఉంటుంది. "ఎడమ నుంచి రెండోవాడు నేను. చిక్కాననుకోవద్దు, ఎండకి కళ్లు మూశాను" అని ఒకాయన వాళ్లమ్మకి రాశారు. పెన్సిల్ రాత చెరిగిపోతే స్కానర్ చూపించలేదు. గది చీకటి చేసి ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే కాగితం మీద నొక్కుడు గీతలు కనపడతాయి. వాటిని ఫోన్‌తోనే ఫోటో తీసి దానితో జత చేస్తాను.

వెనక రాసిందంతా నిజమని కూడా కాదు. సగానికి పైగా ఫోటోల వెనక "1971 యుద్ధం" అనే ఉంది. శకర్‌గఢ్ సెక్టార్‌లో, అంటే సరిహద్దు దాటి పాకిస్తాన్ వైపు, తీసిన ఒక ఫోటోలో నలుగురు బనియన్లతో తోపు ముందు నిలబడ్డారు, వెనకాల గోధుమ కోతకొచ్చి ఉంది. డిసెంబరులో పంజాబు నేల మీద కోతకొచ్చిన గోధుమ ఎక్కడిది? నవంబరులో విత్తితే ఏప్రిల్‌లో కదా కోసేది. బనియన్లతో నిలబడే చలి కూడా కాదది. నాన్నకి చూపిస్తే చాలాసేపు చూసి, "అయితే ఇది మరుసటేడు" అన్నారు. తర్వాత లెక్క కుదిరింది. పడమటి వైపు యుద్ధం డిసెంబరు 3 సాయంత్రం మొదలై 17 రాత్రి ఎనిమిదింటికి ఆగింది. సిమ్లా ఒప్పందం 1972 జులై 2న. మనవాళ్లు పట్టుకున్న నేల ఖాళీ చేసి వచ్చింది ఆ ఏడాది డిసెంబరులో. దాదాపు ఏడాది పాటు అక్కడే ఉన్నారు, పనిలేని సాయంత్రాలు, క్లర్కు చేతిలో కెమెరా. యుద్ధం ఫోటోలని ఇళ్లల్లో పటాలు కట్టించుకున్నవి చాలావరకు ఈ ఏడాదివే.

ఆ మాట రామమూర్తి నగర్ బాబాయికి చెప్తే కోపమొచ్చింది. ఆయన తోపుకి నంబర్ వన్, అంటే ఆ ఆరుగురికీ పెద్ద. "మరి మా యుద్ధం ఫోటోలేవమ్మా?" అన్నారు. తర్వాత ఆయనే, "ఎవడు తీస్తాడే తల్లీ, ఉన్న రెండు చేతులూ గుండు మోయడానికే చాలలేదు" అని నవ్వేశారు. నేను చూసినంతలో ఆ పద్నాలుగు రోజుల్లో తీసినవని నమ్మకంగా చెప్పగలిగేవి మూడే. మూడూ మసకే. ఒకదానిలో ముఖాలు లేవు, వీపులే. తోపుకి ఎడమ పక్క సీటు మీద వంగి కూర్చున్న వీపు మా నాన్నది అయుండొచ్చు. ఆయన మాత్రం ఒప్పుకోరు, "నా చొక్కా అంత శుభ్రంగా లేదప్పుడు" అంటారు.

అందుకే ఫోటో చూపిస్తూ మాట రికార్డు చేయడం మొదలుపెట్టాను. కాలరుకి తగిలించే చిన్న మైకు, రెండు వేల లోపే. ఇది లేకపోతే స్కానర్ కొని లాభం సగమే. చెవులు పోయినవాళ్లు ఫోన్లో సరిగ్గా మాట్లాడలేరు. ఎదురుగా కూర్చుని, ఫోటో చేతికిచ్చి, ప్రశ్న పెద్దక్షరాలతో కాగితం మీద రాసి చూపించాలి. అప్పుడు మాట దానంతటదే వస్తుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకుంటాను, ఎవరు ఏ తేదీన చెప్పారో కూడా. ఫైలు పేరులో ఫోటో ఎవరిదో, నంబరెంతో ఉంటాయి. సంవత్సరం తేలకపోతే ఆ చోట ఖాళీ. ఊహించి నింపితే పదేళ్ల తర్వాత అదే నిజమైపోతుంది.

మా మేనల్లుడు ఒక యాప్‌తో కొన్ని ఫోటోలకి రంగులద్దాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ బెరేలన్నీ, అదే సైనికుల టోపీలు, ఎర్రగోధుమ రంగులో వచ్చాయి. ఆర్టిలరీ వాళ్లది ముదురు నీలం. ఆ ఎర్రటిది పారాచూట్ రెజిమెంటుది, విమానంలోంచి దూకేవాళ్లది. గన్నర్స్ డే నాడు ఆ ప్రింటు చూసి ముసలివాళ్లంతా ఒక్కసారి లేచారు, "మమ్మల్ని ఎప్పుడు దూకించార్రా" అని. అది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది ఇంకొకటి. మసక ముఖాన్ని పదును పెట్టే యాప్‌తో తీసిన ఒక ముఖాన్ని అల్సూరు పెదనాన్నకి చూపించాను. 1971లో తిరిగిరాని కుర్రాడి ముఖమది. ఆయన చూడగానే "ఇది వాడు కాదు" అని వెనక్కి ఇచ్చేశారు. యాప్ తన దగ్గరున్న కళ్లేవో తెచ్చి అతికించింది. అసలు మసక స్కాన్ చూపిస్తే మాత్రం "ఆఁ, వీడే" అన్నారు. ఆ రోజు నుంచి అసలు స్కాన్‌ల మీద ఏ యాప్‌నీ ముట్టుకోనివ్వడం లేదు.

ఇక మెషిన్ ఎలా ముసలిదైందో చెప్తాను. మూడో ఏడు అద్దానికి లోపలి వైపు పొగలాంటి పొర పట్టింది, నల్లటి భాగాలు బూడిదగా రావడం మొదలైంది. వీడియో చూసి నాలుగు స్క్రూలు విప్పి మెత్తటి గుడ్డతో తుడిచాను. వారంటీ అప్పటికే అయిపోయింది కాబట్టి భయం లేదు. కొత్త కంప్యూటర్ కొన్నాక స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ పనిచేయలేదు. వ్యూస్కాన్ అని డబ్బులు పెట్టి కొనే ప్రోగ్రామ్ ఉంది, పాత స్కానర్లని అది బతికిస్తుంది. లైటు ఎల్ఈడీ కాబట్టి మొదటి రోజులానే ఉంది. బరువే అసలు బాధ. ఆల్బమ్ ఇల్లు దాటనివ్వని వాళ్లే ఎక్కువ. వాళ్ల తప్పు లేదు, ఒకాయన ఆల్బమ్ ఎవరో పత్రికకని తీసుకెళ్లి తిరిగివ్వలేదు. కాబట్టి స్కానరే వాళ్లింటికి వెళ్లాలి. నాలుగు కిలోలు, లాప్‌టాప్, కరెంటు పోతే యూపీఎస్, అన్నీ ఆటోలో పెట్టుకుని అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర. 2023 అక్టోబరులో కె.ఆర్. పురం నుంచి బైయప్పనహళ్లి మధ్య మెట్రో కలిశాక కొంత ప్రాణం లేచొచ్చింది.

స్కాన్ చేశాక పంపే దగ్గర ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫైలు లోపల రాసిన వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి. పెద్దవాళ్లకి అది తెరవడం రాదు, కాబట్టి వాళ్లకి ప్రింటే. మొత్తం సామగ్రి రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది, ఒకటి నా దగ్గర, రెండోది నెల్లూరులో మా తమ్ముడి దగ్గర. మ్యాపు బోర్డులు కనపడే ఫోటోలు కొన్ని ఉన్నాయి. అవి బయట పెట్టొద్దని అందరూ ఒక్కమాట మీద చెప్పారు. యాభై ఏళ్లు దాటాయి కదా అంటే వినలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

కొనాలా అంటే, నెగటివ్‌లు ఉన్నవాళ్లు కొనండి. పది ప్రింట్లు మాత్రమే ఉంటే ఫోన్‌ని ఫోటోకి సరిగ్గా ఎదురుగా, వంచకుండా పట్టుకుని, కిటికీ పక్క వెలుతురులో తీసుకుంటే చాలు, డబ్బు దండగ. పటం కట్టిన ఫోటోలకి కూడా ఫోనే నయం. అంతకన్నా ముందు, వాటి గురించి చెప్పగలిగే మనిషి ఉన్నారో లేదో చూసుకోండి. నేను 2020లో చేద్దామనుకున్న మూడిళ్లు కోవిడ్ వల్ల వాయిదా వేశాను. ఒకింట్లో ఫోటోలు దొరికాయి, నూట పన్నెండు, చెప్పేవాళ్లు లేరు. అన్నిటికీ నంబర్లు వేశాను, పేర్ల చోటు ఖాళీగానే ఉంది. అప్పుడప్పుడు నాన్న వాటిని ముందేసుకుని కూర్చుని ఒక్కో పేరు గుర్తుచేసుకుంటారు. పోయిన నెలలో రెండు దొరికాయి.

మెషిన్‌తో వచ్చిన పెద్ద నెగటివ్‌ల హోల్డర్ మూత కొక్కెం విరిగింది. ప్రస్తుతం రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తున్నాను, విడిగా ఎక్కడా దొరకడం లేదు. జాలహళ్లిలో ఇంకా రెండు రోళ్లు మిగిలున్నాయి. బెంగళూరులో ఎవరి దగ్గరైనా పాడైన స్కానర్‌దైనా సరే ఆ హోల్డర్ ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.