అప్పు తీర్చాలా, డివిడెండ్ పంచాలా?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా మావయ్యకు రేటు పడిన ఏడాదల్లా ఒకటే టెన్షన్. బ్యాంకు అప్పు కట్టాలా, వాటాదార్లకు డివిడెండ్ (లాభంలో వాటా) పంచాలా? చమురు కంపెనీలదీ అదే తంటా, కాకపోతే సున్నాలు ఎక్కువ.

2020లో కరోనాతో చమురు ధర కూలింది. ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (తర్వాత సరుకు అందించేలా ముందే కుదుర్చుకునే ఒప్పందాల) ధర సున్నా కిందికే పోయింది. చమురు కంపెనీ షెల్ ఆ నెలలోనే డివిడెండ్‌కు కోత పెట్టింది. మూడు నెలలకోసారి షేరుకు ఇచ్చే 47 సెంట్లను 16కు దించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే మొదటి కోత. డివిడెండ్ నమ్ముకున్నవాళ్లకు దెబ్బే, కానీ కంపెనీ చేతిలో నగదు నిలిచింది.

మరో చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ తన 87 సెంట్లను ముట్టుకోలేదు. ఆ ఏడాది 2,240 కోట్ల డాలర్ల నష్టం వచ్చినా, అప్పు తెచ్చి మరీ పంచింది. మావయ్య వింటే 'అప్పు చేసి పప్పు కూడు' అనేస్తారు (ఆయనది జీడిపప్పే అనుకోండి). అయితే 2021లో ధరలు లేచాయి. ఆ ఒక్క ఏడాదే సుమారు 2,000 కోట్ల డాలర్ల అప్పు తీర్చేసింది. పందెం నెగ్గింది.

నాకైతే షెల్ దారే నచ్చుతుంది. ధర పడిపోయిందని వడ్డీ ఆగదు కదా. రిటైరై డివిడెండ్లతో నెల గడిపే విజయనగరం బాబాయిని అడిగితే మాత్రం, ఎక్సానే కావాలంటారు.