మోర్స్‌లో ఆశ్చర్యార్థకం: రెండు గుర్తుల్లో ఏది మేలు?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) మోర్స్ (చుక్కలు, గీతలతో సందేశం పంపే కోడ్) పట్టికలో ఫుల్‌స్టాప్, కామా, కోలన్, ప్రశ్నార్థకం, బ్రాకెట్లు, కొటేషన్లు అన్నీ ఉన్నాయి. ఈమెయిల్ అడ్రసుల అవసరం చూసి 2004లో ‘ఎట్’ గుర్తునూ (· – – · – ·) చేర్చారు. ఎ, సి అక్షరాలను మధ్యలో గ్యాప్ లేకుండా కొడితే అదే. ఆశ్చర్యార్థకానికి మాత్రం ఇప్పటికీ చోటు దొరకలేదు.

నిజానికి పాత అంతర్జాతీయ పట్టికల్లో దానికీ ఒక గుర్తు ఉండేది: – – · · – –. తర్వాత దాన్ని కామాకు ఇచ్చేశారు. ఇప్పుడు హ్యాముల (లైసెన్సుతో రేడియో నడిపే ఔత్సాహికుల) దగ్గర ఉన్నవి రెండు.

ఒకటి ‘ఎంఎన్’ (– – – ·). అమెరికా తీగ టెలిగ్రాఫ్ కోడ్ నుంచి వచ్చింది. ఉత్తర అమెరికా, కరీబియన్‌లలో కొందరు ఇంకా ఇదే కొడతారు. రెండోది ‘కేడబ్ల్యూ’ (– · – · – –), 1980లలో ఎలక్ట్రానిక్ కిట్లు అమ్మే హీత్‌కిట్ కంపెనీ ప్రతిపాదించింది. మోర్స్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా దీన్నే గుర్తిస్తాయి.

పొట్టిదనంలో ఎంఎన్‌దే పైచేయి. చుక్కకు ఒక యూనిట్, గీతకు మూడు, మధ్య గ్యాప్‌కు ఒకటి చొప్పున లెక్కిస్తే ఎంఎన్‌కు 13, కేడబ్ల్యూకు 19 యూనిట్లు. కానీ నిమిషానికి 20 పదాల వేగంలో ఆ తేడా సెకనులో మూడో వంతు. అంత చిన్న లాభం కోసం చిక్కు తెచ్చుకోవడం ఎందుకు? జర్మన్‌లో అదే – – – · ఒక అక్షరం, పైన రెండు చుక్కలుండే ‘ఓ’ (Ö). జర్మన్ హ్యాముతో మాట్లాడుతూ ఉత్సాహంగా ఎంఎన్ కొడితే అతనికి మాట చివర ఒక అక్షరం ఎక్కువొచ్చినట్టు వినిపిస్తుంది.

పైగా ఆ పాత అమెరికన్ కోడ్ గుర్తులను ఇప్పటి పట్టికతో కలపడమే ప్రమాదం. అందులోని ఫుల్‌స్టాప్ (· · – – · ·) ఇప్పుడు మన ప్రశ్నార్థకం. అందులోని ప్రశ్నార్థకం (– · · – ·) ఇప్పుడు స్లాష్!

కేడబ్ల్యూకూ లోపం లేకపోలేదు. సందేశం మొదలవుతోందని చెప్పే – · – · – తర్వాత ఇంకో గీత చేరితే అదే. చెయ్యి తడబడితే ఒకటి ఇంకోటవుతుంది. అయినా అది ఏ అక్షరంతోనూ గుద్దుకోదు కాబట్టి రెండిట్లో నా ఓటు దానికే, ముఖ్యంగా అవతల కంప్యూటర్ డీకోడ్ చేస్తుంటే.

అవతల మనిషి చెవితో వింటుంటే మాత్రం రెండూ వద్దంటాను. నవ్వొస్తే హ్యాములు ‘హెచ్‌ఐ హెచ్‌ఐ’ (· · · ·  · · రెండుసార్లు) కొడతారు, అది అందరికీ తెలుసు. మన దేశపు హ్యామ్ లైసెన్సు నియమాలు మోర్స్ పరీక్షలో రావచ్చని చెప్పినవి ఫుల్‌స్టాప్, కామా, సెమీకోలన్, బ్రేక్ (సందేశంలో భాగాలను విడదీసే గుర్తు), హైఫన్, ప్రశ్నార్థకం. వీటిలో ఆశ్చర్యార్థకం లేదు, కాబట్టి పరీక్షకు చదివేవాళ్లు ముందు వాటి మీద చెయ్యి తిప్పుకోండి.