టార్గెట్టా, ట్రైలింగ్ స్టాప్‌లాసా: ఇంట్రాడేలో ఏది మేలు?

ఆదోని పత్తి యార్డులో ధర నచ్చకపోతే రైతు సరుకును మళ్లీ బండికెత్తించి ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ ఊళ్లోనే పత్తి వ్యాపారం చేసే మా బాబాయి ఇంట్రాడేలో, అంటే కొన్న షేర్లను ఆ రోజే అమ్మేసే వ్యాపారంలో, దిగిన కొత్తలో ఇదే అలవాటుతో ఉండేవారు. ఇక్కడ ఆ వీలు లేదు. మార్కెట్ 3.30కి ముగుస్తుంది, అంతకు కొన్ని నిమిషాల ముందే, మనం అమ్మకపోతే బ్రోకరే అమ్మేస్తాడు.

500 రూపాయల షేర్లు 200 కొన్నామనుకుందాం. 495కి పడితే నష్టానికైనా అమ్మేయాలి, అది స్టాప్‌లాస్. 510కి ఎక్కితే లాభానికి అమ్మేయాలి, అది టార్గెట్. అందితే 2,000 లాభం, తప్పితే 1,000 నష్టం. మూడుసార్లలో రెండుసార్లు తప్పినా చేతినుంచి పడేవి బ్రోకరేజీ, పన్నులే.

ట్రైలింగ్‌లో టార్గెట్ ఉండదు. షేరు ఎక్కేకొద్దీ స్టాప్‌లాస్‌ను ఐదు రూపాయల వెనకే జరుపుకుంటూ పోవాలి. షేరు 508 తాకి 503కి జారిందంటే 600తో బయటికి. అరగంటకు అదే షేరు 511లో కనిపిస్తే ఆ మంట వేరు! అయితే ఏదో ఒక రోజు ఆగకుండా 540 దాకా ఎక్కితే 535లో 7,000 చేతికొస్తుంది. అలాంటి రోజు ఏదో పొద్దున్నే తెలియదు. కొట్లో బేరాల మధ్య ఫోను చూసుకునేవారికి టార్గెట్టే మేలంటాను.

నిజానికి ఈ రెండింటికంటే ఎన్ని షేర్లు కొన్నామన్నదే పెద్ద ప్రశ్న. బాబాయి మొదట్లో ఏ షేరైనా 200 కొనేవారు. స్టాప్‌లాస్ 12 రూపాయల దూరంలో ఉంటే నష్టం 2,400. దానికంటే చేతిలో ఉన్న లక్షలో ఒక శాతం, అంటే వెయ్యి, పోయినా ఫర్వాలేదని ముందే అనుకుని దాన్ని 12తో భాగిస్తే వచ్చినన్ని షేర్లే కొనడం మేలు. వరుసగా పదిసార్లు ఒక్కో శాతం పోయినా లక్షలో 90,000 పైనే మిగులుతుంది. పదేసి శాతం పోతే మిగిలేది 35,000 లోపే. బ్రోకరు మార్జిన్ ఇస్తాడు, అంటే మన డబ్బుకు ఐదు రెట్ల దాకా షేర్లు కొననిస్తాడు కాబట్టి, అదంతా వాడుకుంటే షేరు రెండు శాతం పడితే చాలు, ఆ పది శాతం పోయినట్టే.

2022-23లో ఇంట్రాడే చేసినవారిలో పదింట ఏడుగురు నష్టపోయారని, వారు లాభపడ్డవారికంటే ఎక్కువసార్లు కొని అమ్మారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో చెప్పింది. అందుకే రెండు స్టాప్‌లాస్‌లు తగిలితే బాబాయి ఫోను గల్లాపెట్టెలోకి పోతుంది. పత్తి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఇప్పుడు ముందు స్టాప్‌లాస్ దూరం రాస్తారు, ఆ తర్వాతే షేర్ల సంఖ్య. నిన్న అక్కడ 83 అని ఉంది.