పాత లాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ ఏపిస్తున్నరా? పాత హార్డ్‌డిస్క్ దుకాణంల ఇడిసిపెట్టి రాకుండ్రి

నిన్న నేను ఆ దుకాణంల నుంచి బయటికి వస్తుంటె ఇద్దరు కాలేజీ పిలగాండ్లు లాప్‌టాప్ బ్యాగులు ఏసుకొని లోపటికి పోతున్నరు. ఆపి చెప్పాలనుకున్న, నోరు రాలే. అందుకే ఇప్పుడు రాస్తున్న.

నల్లగొండల కంప్యూటర్ పని పడ్డోళ్లకు ఏ దుకాణమో నేను చెప్పకుండనే తెలుస్తది. నాది 2014ల కొన్న లాప్‌టాప్. ఆన్ చేసి చాయ్ తాగొచ్చినా తెరుచుకోకపోయేది. ఎస్‌ఎస్‌డీ, అంటె హార్డ్‌డిస్క్ జాగల ఏసే చిప్పుల డ్రైవు, ఏస్తె పాత మిషన్ కూడ ఉరుకుతదని అందరు అంటరు, అది నిజమే. దుకాణమాయన 1 టీబీది 2,200 అన్నడు. లోపలున్న 500 జీబీ హార్డ్‌డిస్క్ ఇచ్చేస్తె 300 తగ్గిస్తనన్నడు. "దాన్నేం జేసుకుంటవన్నా, ఇంట్ల మూలకు పడేసుడే గద" అన్నడు. ఇచ్చిన. నా చేతులతోని నేనే ఇచ్చిన.

పాతదాంట్ల ఉన్నయన్ని ఆయన కొత్తదాంట్లకు కాపీ చేసిచ్చిండు. పది పన్నెండు రోజులు మంచిగనే నడిచింది. అర నిమిషంల విండోస్ తెరుచుకునుడు చూసి మురిసిపోయిన. సైజు చూస్తె 931 జీబీ అని ఉండె. 1 టీబీ డ్రైవు విండోస్‌ల గట్లనే కనబడతది, అందుకే అనుమానం రాలే. మొన్న ఆదివారం నా ఫోన్ల, మా ఇంటామె ఫోన్ల ఉన్న ఫోటోలు, వీడియోలు అన్ని దాంట్లకు ఎక్కించిన. సోమవారం రాత్రి నాయిన ఫోటో ఒకటి ప్రింటు తీపిద్దామని తెరిచిన.

సగమే వచ్చింది. నెత్తిన రుమాలు, నొసలు, కండ్లు ఉన్నయి. ముక్కు కాడికెళ్లి కిందికి మొత్తం బూడిద రంగు. ఇంకోటి తెరిచిన, అది అసలుకే తెరుచుకోలే. 2019ల నాయిన బాయి కాడ కూసొని ఆయన చిన్నప్పటి కరువు ముచ్చట్లు, మోట కొట్టిన ముచ్చట్లు చెప్తుంటె నేను వీడియో తీసిన, నలభై నిమిషాలది. దాని పేరు ఉన్నది, సైజు ఉన్నది, నొక్కితె నల్ల తెర. నాయిన 2021ల కరోనాతోని పోయిండు. ఆయన గొంతు ఇంకోకాడ లేదు మాకు.

మా బామ్మర్ది హైదరాబాదుల కంప్యూటర్ల పనే చేస్తడు. మంగళవారం వచ్చి, తెరుచుకునే ఫైళ్లన్ని ముందుగాల ఇంకో డ్రైవుల పెట్టిండు. తర్వాత దీన్ని ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే సాఫ్ట్‌వేర్ నడిపిండు. అది డ్రైవు నిండ రాసి, రాసింది రాసినట్టు ఉన్నదా అని మళ్ల చదివి చూస్తది. రాత్రంత నడిచింది. తెల్లారి చూస్తె 119 జీబీ మంచిగున్నది, మిగిలిందంత పోయిందని చూపించింది. అంటె లోపలున్న చిప్పు 128 జీబీదే. డ్రైవును నడిపే కంట్రోలర్‌ల ఉండే ప్రోగ్రాం మార్చి 1 టీబీ అని చెప్పిపిస్తరట, విండోస్ ఆ మాటనే నమ్ముతది. చిప్పు నిండినంక కూడ కాపీ అయితనే ఉంటది, ఒక్క ఎర్రర్ రాదు. కొత్తయి పోయి పాతయాటి మీద పడతయి. మా ఫోన్ల ఫోటోలు పోయి నాయిన మీద పడ్డయి.

నిన్న దుకాణం తెరువంగనే పోయిన. పైసల మాట నేను ఎత్తనే లే. "నా పాత హార్డ్‌డిస్క్ నాకు ఇచ్చెయ్యన్నా, నీ 300 వాపస్ ఇస్త, వెయ్యి అడిగినా ఇస్త" అన్న. ఆయన ఫోన్ల నుంచి తల ఎత్తలే. "అది ఎప్పుడో ఫార్మాట్ గొట్టి ఎవరికో ఏసినం" అన్నడు. ఎవరికి ఏసిండ్రన్నా అంటె, "రోజుకు ఇరవై మంది వస్తరు, అందరిని యాది పెట్టుకోవాల్నా?" అన్నడు. దాంట్ల మా నాయిన వీడియో ఉన్నదని చెప్పిన. అప్పుడు తలెత్తి చూసిండు. "బ్యాకప్ పెట్టుకోవాలె సార్. సదువు చెప్పేటోళ్లు, మీకే తెల్వకపోతె ఎట్ల?" అన్నడు. పక్కన స్క్రూలు ఇప్పుతున్న పిలగాడు నవ్విండు.

రెండు వారాల కింద అదే కౌంటర్ కాడ "మొత్తం కాపీ అయిందన్నా, ఒక్క ఫైలు పోదు, నాది గ్యారెంటీ" అన్నది ఈ మనిషే. పైసలు తీసుకునేటప్పుడు అన్నను, వాపస్ పోతే సార్‌ను అయిన. ఆ నవ్వు రాత్రి నిద్రల కూడ ఇనబడ్డది నాకు.

డ్రైవు సంగతి అడిగితె "సీలు డబ్బ వస్తది, అట్లనే అమ్ముతం, లోపల ఏముందో మాకేం తెలుసు" అని చెయ్యి ఊపిండు. నా కాడ ఉన్నది తెల్ల కాగితం ముక్క. దాని మీద పెన్నుతోని "1 టీబీ, 1,900" అని రాసి ఉన్నది. దుకాణం పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, డ్రైవు సీరియల్ నంబరు లేదు. ఆ రోజు చూడకుండనే మడిచి జేబుల పెట్టుకున్న. పేరున్న కంపెనీ 1 టీబీ ధర ఇప్పుడు చూస్తె దీనికి రెండింతల పైననే ఉన్నది. కొనకముందే చూడాల్సింది. తప్పు నాది కూడ ఉన్నది, కాదనను.

ఇంకో భయం ఏందంటె, ఆ పాత డిస్క్‌ల మా ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు, నా పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్లు ఉన్నయి. క్విక్ ఫార్మాట్ కొడితె హార్డ్‌డిస్క్‌ల ఉన్నయి నిజంగ చెరిగిపోవు, వాటి మీద ఇంకోటి రాసేదాక తీసుకోవచ్చు.

కొనేటోళ్లు సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు లేకుండ పైసలు ఇయ్యకుండ్రి. కొత్త డ్రైవుల ఒక్క ఫైలు కూడ పెట్టకముందే నేను చెప్పిన టెస్టు నడపుండ్రి. పాత డిస్క్ ఇంటికి తెచ్చుకోండ్రి, ఎన్ని పైసలు తగ్గిస్తమన్నా ఇయ్యొద్దు. మోసపోయినోళ్లు ఉంటె వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండ్రి. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల రెండేండ్ల లోపల కేసు ఎయ్యొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. నేను ఫోన్‌పే కొట్టిన స్క్రీన్‌షాట్, ఆ కాగితం, టెస్టు ఫోటో పట్టుకొని పోతున్న.

ఈ పదిహేను రోజులల్ల నల్లగొండల సెకండ్ హ్యాండ్ 500 జీబీ లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ కొన్నోళ్లు ఎవరన్న ఉంటె, నకిరేకల్ గానీ దేవరకొండ గానీ మిర్యాలగూడ గానీ, ఏ ఊరోళ్లయినా సరే, దాంట్ల ఇంకేం ఎక్కించకుండ్రి. దాని మీద లేబుల్ పక్కన నీలి స్కెచ్ పెన్నుతోని చిన్నగ "ఇల్లు" అని రాసి ఉంటది, అది నా చేతిరాత. మీకు కొత్తది కొనిస్త, పైన పైసలు ఇస్త. అది ఒక్కటి నాకు ఇయ్యుండ్రి.