అంగిలి చీలిన కుక్కపిల్ల: ఇప్పుడే ఆపరేషనా, మూడో నెల దాకా ఆగాలా?

నల్లగొండ, పాలమూరు వైపు పాఠకులు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. తాగిన పాలు పిల్ల ముక్కులోంచి కారుతున్నాయి, డాక్టరుగారు అంగిలి చీలిందన్నారు, ఇప్పుడేం చేయాలి అని. పెదవి ఒక్కటే చీలితే కంగారు పడనక్కర్లేదు, చాలా పిల్లలు అలాగే హాయిగా బతుకుతాయి.

వెంటనే కుట్టించేస్తే, నోట్లోంచి పొట్టలోకి దించే ట్యూబుతో పాలు పట్టే అవస్థ తప్పుతుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుందన్న భయమూ తగ్గుతుంది. ఈ పిల్లలు ఎక్కువగా దానితోనే పోతాయి కాబట్టి ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. అయితే నెల పిల్లకు మత్తు ఇవ్వడం కత్తిమీద సాము. పైగా ఆ వయసులో అంగిలి కండ తడిసిన కాగితంలా ఉంటుంది, కుట్టు నిలవదు.

నా మొగ్గు ఆగడం వైపే. మొదటి ఆపరేషన్‌కు ఉన్నంత అవకాశం రెండోదానికి ఉండదు. కుట్లు విడిపోతే మిగిలేది మచ్చకట్టి బిగుసుకున్న కండ. మూడు నాలుగు నెలలు నిండితే నోరు పెరిగి డాక్టరు చేతికి చోటు దొరుకుతుంది. ఒక పక్క పొరను ఒలిచి తిప్పి, రెండో పక్క పొర కిందికి దోపి కుడితే కుట్టు వరుస ఎముక మీద పడుతుంది. రెండు పక్కల నుంచీ లాగి మధ్యలో కలిపితే ఆ కుట్టు కింద ఉండేది ఖాళీయే. ఏ పద్ధతిలో చేస్తారో ముందే అడగండి.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ముక్కు కొన నుంచి చివరి పక్కటెముక దాకా ట్యూబును కొలిచి పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. పిల్లను బోర్లా ఉంచి, గోరువెచ్చని పాలను మెల్లగా వదలాలి. ఒళ్లు చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. మొదటి వారాల్లో రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా ఇదే పని. మొదటిసారి డాక్టరు దగ్గరే నేర్చుకోండి. ఇంట్లో ఇంత ఓపిక ఎవరికీ లేకపోతే నా సలహా మీకు పనికిరాదు. పిల్లకు మాటిమాటికీ న్యుమోనియా తిరగబెడుతున్నా ఆపరేషన్ ఇంకా ముందే చేయించాల్సి రావచ్చు.

మేడ మీంచి పడి అంగిలి పగిలిన పిల్లుల సంగతి వేరు. సన్నని చీలిక చాలాసార్లు కొన్ని వారాల్లో తనంతట తానే పూడుతుంది.

నార్కట్‌పల్లి మీదుగానో జడ్చర్ల మీదుగానో హైదరాబాద్ బయలుదేరే ముందు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు ఫోను చేసి, నోటి శస్త్రచికిత్స చేసేవారు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. కుట్లు చూపించడానికి మళ్లీ వెళ్లాల్సి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మెత్తటి తిండే. ఎముకలే కాదు, ఎండిన జొన్నరొట్టె ముక్క కూడా పెట్టకండి.